మెడనొప్పి వ్యాయామాల క్లాసు: మసాజ్ కోసమైతే వెళ్లకండి

నాది టైలరింగ్ పని. రోజంతా మిషన్ మీద వంగి కూర్చుంటాను, మెడ పట్టేయడం నాకు కొత్త కాదు. మూడు నెలలు దాటినా తగ్గకపోతే దీర్ఘకాలిక నొప్పి కింద లెక్క. నాది ఆ గడువు ఎప్పుడో దాటింది. అందుకే ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో మెడనొప్పి ఉన్నవాళ్లకే నడిపే ఈ క్లాసులో చేరాను.

మొదట్లో ఒళ్లుమండింది. ఇదీ ఒక ఎక్సర్‌సైజేనా అనిపిస్తుంది. వెల్లకిలా పడుకుని, తల పైకెత్తకుండా, ఊ కొట్టినంత చిన్నగా గడ్డం దించి పది సెకన్లు ఆపాలి. అలా పదిసార్లు. మెడ కింద గాలి నింపిన చిన్న సంచి, దానికో మీటరు. ముల్లు 20 దగ్గర మొదలై రెండేసి చొప్పున 30 దాకా వెళ్లాలి. నాకు 24కే మెడ వణికిపోయింది. వెన్నుపూసలకు ముందువైపు ఆనుకుని ఉండే లోపలి కండరాలు నీరసపడితే వాటి పని కూడా పై కండరాల మీదే పడుతుందట. క్లాసు చెప్పే మేడమ్ నా గొంతు పక్కన వేళ్లు ఆనించి, పైవి ఉబ్బితే "దొంగలెక్క!" అనేవారు. పంతం పట్టి చేశాను.

అసలు తేడా రబ్బరు బ్యాండ్ మొదలుపెట్టాకే తెలిసింది. నొప్పి మెడకి బరువు పెట్టడమేంటని అడిగితే, ఫిన్లాండ్‌లో ఆఫీసుల్లో పనిచేసే 180 మంది ఆడవాళ్ల మీద ఏడాదిపాటు చేసిన పరిశోధన గురించి చెప్పారు. 2003లో వచ్చిందది. ఒళ్లు సాగదీయడం, ఏరోబిక్స్‌తో సరిపెట్టుకున్నవాళ్లకన్నా మెడకు బలం పెంచే వ్యాయామాలు చేసినవాళ్లకే నొప్పి బాగా తగ్గిందట. నా అనుభవం కూడా అదే.

చేర్చుకునే ముందు చేతుల తిమ్మిరి, పట్టు తప్పడం, నడకలో తూలడం, ఈమధ్య దెబ్బ తగలడం, ఇలాంటివన్నీ అడుగుతారు. ఒకావిణ్ణి ముందు డాక్టర్‌కి చూపించుకు రమ్మని వెనక్కి పంపారు. ఫీజు వదులుకుని అలా పంపినందుకే నాకు నమ్మకం కుదిరింది.

లోపాలూ ఉన్నాయి. బ్యాచ్ పెద్దది. బక్కపలచని ముసలాయనకీ, కండలు తిరిగిన కుర్రాడికీ ఒకే రంగు బ్యాండ్. నాది మరీ గట్టిగా ఉంటే నోరు తెరిచి అడిగితేనే మార్చారు. ఇంట్లో చేయమని ఇచ్చిన కాగితం మీద బొమ్మలు దేవుడికే అర్థం కావాలి. వీడియో తీసుకోనిస్తారు, అడిగి తీసుకోండి.

నొప్పి పూర్తిగా పోయిందా అంటే లేదు. ఆర్డర్లు మీద పడిన వారం మళ్లీ బిగుస్తుంది. కానీ ఇప్పుడు మాత్ర వేసుకోకుండానే ఆ వారం గడిచిపోతోంది. ఐదుకి నాలుగు స్టార్లు. మనిషిని చూసి బ్యాండ్ ఇచ్చుంటే ఐదూ ఇచ్చేదాన్ని.