పవర్డ్ స్టేప్లరా, చేత్తో నొక్కేదా: పేగు సర్జరీలో ఏది మేలు?

మా దగ్గర పీజీ చేసి వెళ్లినవాళ్లు ఈ మధ్య వరసగా ఫోన్ చేసి అడుగుతోంది ఒకటే, "మేడమ్, మా హాస్పిటల్ వాళ్లు పవర్డ్ స్టేప్లర్ తెప్పిద్దామా అంటున్నారు, ఏం చెప్పమంటారు" అని. మేమూ ఆర్నెల్ల కిందటే ఈ లెక్కలన్నీ వేసుకుని ఒక నిర్ణయానికి వచ్చాం కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. స్టేప్లర్ అంటే పేగుని సన్నటి పిన్నులతో కలిపి కోసే పరికరం, పవర్డ్‌లో ఆ నొక్కే పని మోటార్ చేస్తుంది. లీనియర్ పిన్నులని గీతలా వేస్తుంది, సర్క్యులర్ గుండ్రంగా వేస్తుంది, అంతకంటే లోతుకి పోను.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. పేగు కలిపిన అతుకు లీక్ అయ్యేది చాలాసార్లు పేగుకి రక్తం సరిగ్గా అందకో, బిగుతుగా లాగి కలిపినందుకో, పేషెంట్ రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువుండో, సిగరెట్టో స్టెరాయిడ్లో వాడుతూ ఉండో, అతుకు మరీ కిందికి, మలద్వారం దగ్గరికి పడటం వల్లో. మోటార్ వీటిలో దేన్నీ మార్చదు. రక్తం లేని పేగుని ఎంత ఖరీదైన మిషన్‌తో కలిపినా అతుక్కోదు.

లీనియర్ సంగతి తొందరగా తేల్చేస్తా. రైట్ హెమికోలెక్టమీ (పెద్దపేగు కుడి భాగం తీసేయడం), చిన్నపేగు రిసెక్షన్ (కొంత కోసి తీసేయడం), ఓపెన్‌లో చేసేవి ఏవైనా సరే, మాన్యువల్ చాలు. పేగు చేతిలోనే ఉంటుంది, కళ్ల ముందే ఉంటుంది, స్టేప్లర్ దవడలు మూసి పదిహేను సెకన్లు ఆగి అప్పుడు ఫైర్ చేస్తే (ఈ ఆగడమే చాలామంది చెయ్యరు, టిష్యూలో నీరు పక్కకి పోవాలి కదా) పని శుభ్రంగా అవుతుంది. లాపరోస్కోపీలో రెక్టమ్ (మలాశయం) కట్ చేసేటప్పుడు మాత్రం పవర్డ్‌కి ఒక లాభం ఉంది, హ్యాండిల్‌ని బలంగా నొక్కే పని లేదు కాబట్టి లోపల కొన ఊగదు. కానీ అక్కడ అసలు చూడాల్సింది ఎన్ని ఫైరింగ్‌లు పడ్డాయనేది, మూడో కార్ట్రిడ్జ్ (పిన్నుల పెట్టె) వెయ్యాల్సొచ్చిందంటే లీక్ భయం పెరుగుతుంది, అది కోణాన్ని బట్టి, పోర్ట్ (పొట్ట మీద పెట్టే రంధ్రం) ఎక్కడ పెట్టారనే దాన్ని బట్టి ఉంటుంది, మోటార్‌ని బట్టి కాదు.

ఇక సర్క్యులర్. నా దృష్టిలో తేల్చేది ఇదే.

లో ఆంటీరియర్ రిసెక్షన్‌లో (రెక్టమ్‌లో కొంత తీసేసి మిగిలినదానికి పైపేగు కలిపే ఆపరేషన్) సీనియర్ పైన పొట్ట దగ్గర ఉంటారు. కింద కాళ్ల మధ్య కూర్చుని స్టేప్లర్ లోపలికి పెట్టి ఫైర్ చేసేది ఎవరు? ఎక్కువ చోట్ల టీమ్‌లో అందరికంటే జూనియర్. గంటల తరబడి చేసిన ఆపరేషన్ మొత్తానికి అంత కీలకమైన ఘట్టం ఒక సెకండియర్ పీజీ పిడికిట్లో ఉంటుంది. మాన్యువల్‌ని పూర్తిగా నొక్కాలంటే చాలా బలం కావాలి, లోపల వాషర్ తెగిన కటక్ శబ్దం చేతికి తెలిసేదాకా నొక్కాలి, అంత బలం పెట్టేటప్పుడు చెయ్యి వణికితే ఆ కదలిక మొత్తం రెక్టమ్ తెగిన చివర మీద పడుతుంది.

నేను పీజీలో ఉన్నప్పుడు అలా కూర్చున్నదాన్నే. నా గ్లవ్ సైజు 6. రెండు చేతులతో నొక్కా, శబ్దం వచ్చిందనుకున్నా, బయటికి తీసి చూస్తే ఒక డోనట్ (స్టేప్లర్ కోసి తెచ్చే పేగు రింగు, నిండుగా ఉండాలి) ఒక పక్క తెగి ఉంది. మా సర్ ఒక్క మాట కూడా అనలేదు, పైనుంచి కుట్లు వేసి, ఇలియోస్టమీ (చిన్నపేగుని పొట్ట మీదికి తెరిచి సంచి తగిలించడం) పెట్టి బయటికొచ్చారు. పేషెంట్ బాగానే కోలుకున్నారు గానీ, ఆయన నెలల పాటు సంచితో తిరిగారంటే అందులో నా పిడికిలి వంతు ఉందనే అనుకుంటా ఇప్పటికీ. సర్జరీలోకి ఇప్పుడు అమ్మాయిలు బాగా వస్తున్నారు, చాలా పరికరాల హ్యాండిళ్లు పెద్ద చేతుల కొలతకే చేసి ఉంటాయి, ఇది వాళ్ల చేతకానితనం కాదు.

పవర్డ్ సర్క్యులర్‌లో ఈ తేడా పోతుంది. ట్రిగ్గర్ ఎవరు నొక్కినా మోటార్ ఒకేలా చివరిదాకా వెళ్తుంది, చెయ్యి కేవలం కదలకుండా పట్టుకుంటే చాలు. లీక్‌లు తగ్గాయని చెప్పే స్టడీలు ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం రెట్రోస్పెక్టివ్, అంటే పాత రికార్డులు తిరగేసి చేసినవి, కాబట్టి కంపెనీ రెప్ చూపించే శాతాలు విని కొనకండి. నేను కొనిపించింది ఆ శాతాల కోసం కాదు, కింద కూర్చునే చేతి కోసం.

మోటార్‌కి నష్టమూ ఉంది. చేత్తో నొక్కేటప్పుడు టిష్యూ మందంగా ఉంటే చేతికి తెలుస్తుంది, ఆగుతాం. మోటార్ ఆ కబురు చెప్పదు. సిగ్నియా లాంటి పవర్డ్ స్టేప్లర్లు మందాన్ని బట్టి వేగం తగ్గించుకుంటాయి, మంచిదే, కానీ పిన్ను ఎత్తుని చెప్పే కార్ట్రిడ్జ్ రంగు ఎంచుకునేది మనమే. ఎషెలాన్ బ్రాండ్ కార్ట్రిడ్జ్‌లలో బ్లూ పిన్ను మూసుకుంటే 1.5 మి.మీ, గ్రీన్ 2 మి.మీ. వాచిన రెక్టమ్‌కి బ్లూ పెడితే ఏ మోటారూ కాపాడదు. అమెరికా ఎఫ్‌డీఏకి 2011 జనవరి నుంచి 2018 మార్చి దాకా స్టేప్లర్ల మీద 41,000కి పైగా రిపోర్టులు వచ్చాయి, అందులో 366 మరణాలవి. స్టేపుల్స్ సరిగ్గా మడవకపోవడం, లైన్ విడిపోవడం, ఫైర్ అవ్వకపోవడం, మందానికి తగని సైజు వాడటం లాంటివే ఎక్కువ. 2021లో వీటిని క్లాస్ 1 నుంచి, నియమాలు ఇంకాస్త కఠినంగా ఉండే క్లాస్ 2కి మార్చారు.

చేతి కుట్లు? నేర్చుకుని తీరాలి, ఎమర్జెన్సీలో వాపు పేగుకి నేనిప్పటికీ అదే. ఇలియోకోలిక్‌లో (చిన్నపేగుని పెద్దపేగుకి కలిపే అతుకు) స్టడీలన్నీ కలిపి చూసిన 2011 కోక్రేన్ రివ్యూ స్టేప్లర్ మేలంది, 2015 యూరప్ ఆడిట్‌లో స్టేప్లర్ వైపే లీక్‌లు ఎక్కువ కనిపించాయి, కాబట్టి అక్కడ మీ చేతికి ఏది అలవాటైతే అది. రోబో స్టేప్లర్ రోబో ఉన్నవాళ్ల సంగతి.

డబ్బు విషయం. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో పవర్డ్ అన్నీ వాడితే మిగిలేది ఉండదు, అందుకే కొన్నిచోట్ల ఒక్కసారికే చేసిన హ్యాండిల్‌ని స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడేస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు, అంతకంటే కొత్త మాన్యువల్ నూరుపాళ్లు మేలు. మేము చేసుకున్న ఏర్పాటు ఇది: లీనియర్ మాన్యువల్, కిందికి పడే అతుకులకి మాత్రం పవర్డ్ సర్క్యులర్. పై అతుకులకి మాన్యువల్ సర్క్యులరే, అప్పుడు కింద కూర్చునేది కన్సల్టెంట్.

తెప్పిస్తే మాత్రం అదే కొలత మాన్యువల్ ఒకటి దాని యాన్విల్‌తో (పేగు పై కొసలో పెట్టే విడి తల) సహా షెల్ఫ్‌లో పెట్టించండి. ఒక కంపెనీ యాన్విల్ ఇంకో కంపెనీ గన్‌కి పట్టదు, మోటార్ మధ్యలో మొరాయిస్తే పర్స్ స్ట్రింగ్ (యాన్విల్ చుట్టూ బిగించిన కుట్టు) విప్పి యాన్విల్ కూడా మార్చాల్సొస్తుంది. ఆపరేషన్ మొదలవ్వకముందే మీ ఓటీ సిస్టర్‌ని అడగండి, ఆ రెండో డబ్బా ఏ అరలో ఉందో.