ఇంటి పన్ను అద్దె విలువ మీద వేయాలా, ఆస్తి విలువ మీద వేయాలా: ఏది మేలు?

మా వీధిలో పాత పెంకుటిల్లు, కొత్త అపార్ట్‌మెంట్ పక్కపక్కనే ఉంటాయి. పెంకుటింట్లో పెన్షన్ మీద బతికే పిన్నిగారు ఒక్కరే ఉంటారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను లెక్క మారింది. అప్పటి నుంచి ఈ రెండు గోడల మధ్య పన్ను గురించి మాట్లాడుకోని ఏడాది లేదు.

పాత పద్ధతిలో ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో మున్సిపాలిటీ లెక్కగట్టి, దాని మీద పన్ను వేసేది. ఇళ్ల విషయంలో ఆ అంచనాలు 2002లో సవరించినవే. టూలెట్ బోర్డు మీద అంకె ఎన్నిసార్లు మారినా పన్ను మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇక డ్రెయిన్ బాగు చేయడానికి నిధుల్లేవంటే ఆశ్చర్యమేముంది?

కొత్త పద్ధతికి రిజిస్ట్రేషన్ విలువ ఆధారం. ఇళ్లకు అందులో 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార భవనాలకు 0.20 నుంచి 2 శాతం. అంచనా వేసేవాళ్ల ఇష్టాయిష్టాలకు చోటు తక్కువ. రాష్ట్రాలకు అదనపు అప్పు కావాలంటే ఇలాంటి సంస్కరణ చేయాలని 2020లో కేంద్రం షరతు పెట్టింది కూడా.

చిక్కల్లా పిన్నిగారి లాంటివాళ్లతోనే. గజం రేటు ఎంత పెరిగినా ఇల్లు అమ్మితే తప్ప ఆవిడ చేతికి రూపాయి రాదు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచరుగా అంటారు. 2,000 రూపాయల పన్ను అలా పెరుగుతూ పోతే ఐదో ఏడాదికి 4,000 దాటుతుంది. పెన్షన్ అలా పెరగదు. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి 50 రూపాయలే, కానీ పెంకుటిల్లు ఆ కొలతకు లొంగదు. పక్క ఫ్లాటుకు పాత పన్నే లేదు కాబట్టి పరిమితీ లేదు, మొదటిరోజు నుంచీ పూర్తి మోత. ఓనర్ దాన్ని అద్దెలో కలిపేస్తే కట్టేది అద్దెకున్నవాళ్లే.

హైదరాబాద్ ఇప్పటికీ అద్దె లెక్కనే వాడుతోంది. హైదరాబాద్ బయటి తెలంగాణ పట్టణాల్లో 2019 మున్సిపల్ చట్టం 75 గజాల లోపు స్థలంలోని చిన్న ఇళ్లకు ఏడాదికి 100 రూపాయలే పెట్టింది. పేదవాడికి టెన్షన్ లేదు, అది బాగుంది.

నా ఓటు ఆస్తి విలువకే. కాకపోతే సొంతింట్లో ఉండే పెద్దవాళ్లకు పెరిగిన భాగాన్ని వాయిదా వేసి, ఇల్లు అమ్మినప్పుడో వారసుల పేరు మీదకు మార్చినప్పుడో వసూలు చేసుకోవాలి. ప్రస్తుతానికి పిన్నిగారికి దొరుకుతున్నది ఏప్రిల్‌లో మొత్తం కట్టేస్తే ఇచ్చే 5 శాతం తగ్గింపే. దానికోసం సంక్రాంతి నుంచే డబ్బు పోపులపెట్టెలో దాస్తున్నారు.