కోరలైన్ ఆల్గే సీసా: మొదటిది వృథా, రెండోది పట్టింది

నాది 120 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్. మొత్తం డ్రై రాక్‌తోనే, అంటే జీవం లేని ఎండు రాయితోనే మొదలుపెట్టాను. ముందు గోధుమరంగు డయాటమ్స్ (కంటికి ఆనని సన్నటి ఆల్గే) వచ్చాయి, తర్వాత పచ్చ నాచు వచ్చింది, రెండూ పోయాయి. నాకు కావాల్సింది రాళ్ల మీద ఊదారంగు గట్టి పొరలా పట్టే కోరలైన్ ఆల్గే. ఎనిమిది నెలలు గడిచినా ఆ ఊదారంగు చుక్క మాత్రం ఒక్కటీ లేదు. డ్రై రాక్‌లో ప్రాణమున్నది ఏదీ ఉండదు కాబట్టి కోరలైన్ దానంతట అది పుట్టదు, విత్తనం బయటినుంచి రావాల్సిందే. ఆ విత్తనం కోసమే ఈ సీసా కొన్నాను.

కొనేముందు ఒక తేడా తెలుసుకోండి. కోరలైన్ పేరు చెప్పి రెండు రకాల సీసాలు అమ్ముతారు. ఒకటి తెల్లటి పొడి కలిపిన ద్రవం. అందులో ఉండేది చాలావరకు అరగొనైట్, అంటే కాల్షియం కార్బొనేట్. నేను మొదట అదే వాడి రెండు రోజులు పాలలాంటి నీళ్లు చూశాను. 8.2 పీహెచ్ ఉన్న సముద్రపు నీటిలో అరగొనైట్ కరగదు, నీళ్లు తేటపడగానే ఇసుక మీదకు దిగిపోతుంది. పైగా అందులో ఆల్గే ఉండదు. రెండో రకంలో బతికున్న కోరలైన్ నుంచి గీరిన ముక్కలు, సిద్ధబీజాలు (స్పోర్లు) ఉంటాయి. ఈ రివ్యూ ఆ రెండో రకం గురించే.

సీసా చల్లటి ప్యాక్‌తో వచ్చింది. అడుగున సన్నటి గులాబీరంగు నలుసు పేరుకుని ఉంది. మూత తీస్తే సముద్రపు వాసన తప్ప కుళ్లు వాసన లేదు. దాంతో వచ్చిన కాగితంలో రాసినట్టే స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే యంత్రం) ఆపి, ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) తీసేసి, పవర్ హెడ్లు (నీటిని తిప్పే చిన్న పంపులు) నడుస్తుండగా సిరంజితో రాళ్ల మీద వదిలాను. మూడు వారాల్లో రంగు వస్తుందని అమ్మినవాళ్లు అన్నారు. మూడు నెలలు చూశాను, ఏమీ రాలేదు. మోసపోయానని చాలా బాధపడ్డాను.

తప్పు నా నీళ్లలో ఉందని తర్వాత తెలిసింది. టెస్ట్ చేస్తే ఆల్కలినిటీ (నీటిలో కరిగిన కార్బొనేట్ల మోతాదు) 6.4 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 390, మెగ్నీషియం 1180 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని) ఉన్నాయి. సముద్రంలో ఇవి సుమారుగా 7, 415, 1290 ఉంటాయి. కోరలైన్ అంటే తన కణాల గోడల్లో సున్నపురాయి కట్టుకునే ఎర్ర ఆల్గే. ఆ రాయిలో మెగ్నీషియం కూడా బాగానే కలుస్తుంది. కట్టడానికి సరుకు తక్కువైతే విత్తనం ఎంత మంచిదైనా ఎలా పెరుగుతుంది? ఇంత ముఖ్యమైన సంగతి సీసాతో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు. ఈ వస్తువు మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

మెగ్నీషియం క్లోరైడ్‌తో మెగ్నీషియం మెల్లగా 1300కి తెచ్చాను. మిగతా రెండింటికీ సున్నపు తేట పట్టాను. అక్వేరియం వాళ్లు కాల్క్‌వాసర్ అనేది దీన్నే. లీటరు ఆర్వో (ఫిల్టర్‌లో శుద్ధిచేసిన) నీళ్లలో పావు టీస్పూన్, అంటే దాదాపు అర గ్రాము కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, మూతపెట్టి, మడ్డి దిగేదాకా ఉంచి, పైతేట మాత్రమే తీస్తాను. ఆవిరై తగ్గిన నీటికి బదులు దాన్ని రాత్రిపూట చుక్కచుక్కగా పడనిస్తాను. రాత్రి ట్యాంక్‌లో పీహెచ్ తగ్గుతుంది కాబట్టి ఆ వేళ సరిగ్గా సరిపోతుంది. ఒక్కసారిగా మాత్రం పోయకూడదు. చిక్కటి సున్నపు తేట పీహెచ్ 12 దాటుతుంది, చేపలకు ప్రమాదం. కలిపేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. గోడలకు వేసే సున్నం వద్దు, అందులో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం.

నెల రోజులు ఆల్కలినిటీ 8.2కీ 8.5కీ మధ్య కదలకుండా నిలబడింది. అప్పుడు ఈ బతికున్న రకంలోనే రెండో సీసా తెప్పించాను. ఈసారి సగం ట్యాంక్‌లో వేసి, మిగతా సగం పక్కనున్న 30 లీటర్ల చిన్న ట్యాంక్‌లో వేశాను. అందులో డ్రై రాక్, కొత్త ఉప్పునీళ్లు తప్ప ఏమీ లేవు, ఒక్క నత్త కూడా లేదు. అక్కడ చుక్క వస్తే అది సీసాలోంచే వచ్చిందని నమ్మకంగా చెప్పవచ్చని నా ఆలోచన.

34వ రోజున మా అమ్మాయి వెనక అద్దానికి ముఖం ఆనించి, "నాన్నా, ఇక్కడేదో అంటుకుంది" అంది. భూతద్దం పెట్టి చూశాను. ఆవగింజలో సగమంత గుండ్రటి మచ్చ. మధ్యలో ముదురు ఊదా, అంచు చుట్టూ లేత గులాబీ గీత. ఆ లేత అంచే కొత్తగా పెరుగుతున్న భాగం. గోటితో గీరితే రాలేదు. రుద్దగానే జారిపోయే ఎర్రటి పొర అయితే అది సయనోబ్యాక్టీరియా, అంటే జిగురు పొరలా పట్టే బ్యాక్టీరియా. చాలామంది దాన్నే కోరలైన్ అనుకుని సంతోషపడతారు, ముందు గోటితో చూసుకోండి. మరో వారానికి చిన్న ట్యాంక్‌లో కూడా రెండు చుక్కలు కనిపించాయి. ఆ రోజు నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

మచ్చలు ముందుగా ఎక్కడ వచ్చాయో గమనించాను. లైటు సూటిగా పడే రాళ్ల నెత్తిన కాదు. వెనక అద్దం మీద, పంపు ఒంటి మీద, రాళ్ల చూరు కింద నీడలో వచ్చాయి. ఎల్‌ఈడీలో తెల్ల కాంతి తగ్గించి నీలం ఉంచాక రాళ్ల పైభాగాలకు కూడా పాకాయి. ఫాస్ఫేట్ ఎక్కువైతే సున్నం గట్టిపడటానికి అడ్డొస్తుంది, అందుకే మేత తగ్గించాను. సముద్రపు ముళ్లుగోళం (సీ అర్చిన్) ఉన్నవాళ్లు ఇంకా ఓపిక పట్టాలి, అది కోరలైన్‌ని గీరి తింటుంది. నీళ్లు మార్చేటప్పుడు రాయి ఎక్కువసేపు గాలికి ఎండితే కొత్త మచ్చలు తెల్లబోతాయి, నాకు ఒకసారి అలాగే ఒక మూల మొత్తం పోయింది.

ఈ సీసా కొనవచ్చా? మీకు తెలిసినవాళ్ల దగ్గర ఊదారంగు పట్టిన రాయిముక్క దొరికితే అవసరం లేదు, అదే చాలు. కానీ ఆ రాయితో పాటు ఐప్టేషియా (కుట్టే చిన్న సీ అనిమోన్) లాంటి పీడలు కూడా రావచ్చు. ఆ భయం వద్దనుకునే డ్రై రాక్ వాళ్లకు సీసా మంచిదే. ఐదుకి మూడున్నర ఇస్తాను. మూడు వారాల మాట, ఆ కాగితం కలిసి మిగతా ఒకటిన్నర తినేశాయి. ఆల్కలినిటీ టెస్ట్ కిట్ ఇంట్లో లేకపోతే ముందు అది కొనండి, సీసా తర్వాత.

ఇప్పుడు ఏడు నెలలైంది. ముందు అద్దం మీద పట్టినదాన్ని వారానికోసారి బ్లేడుతో గీరుతున్నాను. మీది యాక్రిలిక్ ట్యాంక్ అయితే బ్లేడు వద్దు, ప్లాస్టిక్ కార్డు వాడండి. రాలిన పెచ్చులను బయట పారేయకండి. పవర్ హెడ్ ముందు గీరితే ఆ నలుసు ట్యాంకంతా తిరిగి రాళ్లకు అంటుకుంటుంది. నేను మూడో సీసా కొనకపోవడానికి కారణం అదే.