భీమిలిలో కాపురం: ఏళ్ల తరబడి ఉన్నాక నా మాట

విశాఖ పక్కనున్న భీమిలిలో (భీమునిపట్నంలో) ఉంటున్నామనగానే బంధువులందరూ అడిగేది ఒకటే: ఇంట్లోంచి సముద్రం కనిపిస్తుందా అని. కనిపించదు. మేం రెండు వీధుల వెనక ఉంటాం. రాత్రి బండ్ల రొద తగ్గాక హోరు వినిపిస్తుంది, అంతే. ఇక్కడ ఇల్లు వెతికేవాళ్లకు నా మొదటి సలహా కూడా అదే. ఒడ్డుకు నడిచి వెళ్లగలిగే ఇల్లు తీసుకోండి, ఒడ్డు మీది ఇల్లు వద్దు.

కారణం ఉప్పుగాలి. మా స్నేహితుల అపార్ట్‌మెంటు సరిగ్గా బీచ్ రోడ్డు మీదే ఉంది. వాళ్ల బాల్కనీ గ్రిల్లు ఏటా గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, రంగు వేయాల్సిందే. ఒక్క ఏడు వాయిదా వేస్తే తుప్పు పొరలు పొరలుగా చేతికి వస్తుంది. పైకప్పులో ఇనుము ఉబ్బి సిమెంటు పెచ్చులు ఊడటం కొత్త కట్టడాల్లోనూ చూశాను. స్టీలు అయితే ఏమీ కాదని దుకాణాల్లో చెబుతారు కానీ, మామూలుగా అమ్మే 304 రకానికి కూడా గోధుమరంగు మచ్చలు పడతాయి. 316 రకం నిలబడుతుంది, ధర ఎక్కువ. మా ఏసీ బయటి యూనిట్ మొదట సముద్రం వైపు గోడకే బిగించి వెళ్లారు. రేకులు పొడిపొడిగా రాలిపోయాక వారంటీ గురించి అడిగితే తుప్పు అందులో రాదన్నారు. ఇప్పుడు పడమటి గోడకు పెట్టించి, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడుగుతున్నాం. బాగానే ఉంది. గేటుకు ఇత్తడి తాళం, కిటికీలకు అల్యూమినియం లేదా యూపీవీసీ, మోటారు సైకిల్ గొలుసుకు తరచూ నూనె... ఇవన్నీ ఇక్కడ అద్దెతో పాటు వచ్చే ఖర్చులే. వంటింట్లో డబ్బాలోని ఉప్పు చెమ్మగిల్లి నీరు కారుతుంది, అప్పడాలు డబ్బాలోనే మెత్తబడతాయి. వానాకాలంలో దుప్పటి ఆరడానికి పట్టే సమయం గురించి మా అమ్మకు చెబితే నమ్మలేదు, వచ్చి చూసి వెళ్లింది.

మరి ఎందుకుంటున్నారు అంటారా? చేపల కోసం అని సగం నవ్వుతూ చెబుతాను, సగం నిజం. తెల్లవారుజామున వేటకు వెళ్లిన పడవలు తిరిగి వచ్చే వేళకు ఒడ్డుకు వెళ్తే, పెద్ద చేపలు అక్కడికక్కడే పాటకు పోతాయి. మనలాంటి వాళ్లకు మిగిలేవి ఆడవాళ్లు ఇసుక మీద పట్టా పరిచి పోసే పోగులు. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు, అదృష్టం బాగుంటే చిన్న చందువాలు. తాజాదో కాదో అని నేను మొప్ప ఎత్తి చూడబోతే, మాకు అలవాటైన చేపలమ్మే పిన్ని చేప తోక పట్టుకుని అడ్డంగా నిలబెట్టింది. అది కర్రలా నిలిచింది. ‘వంగితే నా దగ్గర కొనకమ్మా’ అంది. అప్పటినుంచి నేను మొప్పలు చూడటం మానేశాను, తోక పట్టుకుంటున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులు తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చిందే తాజా, మిగతాది ఐసు పెట్టె సరుకు. ఆ రెండు నెలలూ మేం ఎండు రొయ్యలు, వంకాయలతో సర్దుకుంటాం. ఫిర్యాదేమీ లేదు.

వేసవి గురించి ఊళ్లో వాళ్లు కాస్త గొప్పలు పోతారు. పొద్దున పది, పదకొండు దాటాక గాలి సముద్రం మీద నుంచి తిరుగుతుంది, విజయనగరం వైపు కన్నా ఎండ తక్కువే అనిపిస్తుంది. కానీ పడమటి గాలి బలంగా ఉన్న రోజు ఈ గాలి ఆలస్యంగా వస్తుంది, లేదా రానే రాదు. ఆ రోజు ఎండకు ఉక్కపోత తోడై ఒంటి మీద చొక్కా నిలవదు.

ఉద్యోగం విశాఖలో ఉంటే బాగా ఆలోచించుకోండి. రైల్వే స్టేషను దాదాపు 30 కిలోమీటర్లు. 900కె బస్సు ఋషికొండ, తిమ్మాపురం, మంగమారిపేట మీదుగా తీరం వెంబడే వస్తుంది. కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన కొండలు, ఊరు దగ్గర పడుతుండగా ఎర్రమట్టి దిబ్బలు. ఇంత అందమైన సిటీ బస్సు దారి ఆంధ్రాలో ఇంకొకటి నేను చూడలేదు. రోజూ రెండు పూటలా నిలబడి వెళ్లేవాళ్లు మాత్రం కిటికీ వైపు చూడరు, ఫోను చూసుకుంటారు. ఊళ్లో పని దొరకడం కష్టం. ఒకప్పుడు ఇది రేవు. గోగునార ఇక్కడి నుంచి ఎంతగా ఎగుమతి అయ్యేదంటే, బయటి మార్కెట్లో దానికి ఈ ఊరి పాత ఇంగ్లీషు పేరుతోనే బిమ్లిపటం జూట్ అనే పేరు స్థిరపడింది. ఓడలు రావడం ఎప్పుడో ఆగింది. పక్కనే చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. అందుకే పొద్దున బస్సుల్లో కుర్రాళ్లంతా విశాఖ వైపే.

పెద్ద రోగం వస్తే కూడా అదే దారి. ఇంట్లో వయసు మళ్లినవాళ్లు ఉంటే నేను గట్టిగా వద్దనే అంటాను, ముఖ్యంగా ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు ఎలా ఉంటుందో చూశాక. కార్తీక మాసం పిక్నిక్‌లు, పెళ్లికి ముందు ఫొటోలు, డ్రోన్లు. సోమవారం పొద్దున ఇసుకలో విస్తరాకులు, సీసా పెంకులు. వచ్చేవాళ్లలో చాలామంది గోస్తనీ సముద్రంలో కలిసే చోటే నీళ్లలోకి దిగుతారు. చూడటానికి అక్కడ నీరు నెమ్మదిగా ఉంటుంది. అడుగున ఇసుక ఏ రోజుకు ఆ రోజు జరిగిపోతుంటుంది, నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ ఎంతుందో జాలరికి కూడా దిగితేనే తెలుస్తుంది. మా పిల్లల్ని అక్కడ దిగనివ్వం.

తుపాను కాలంలో వార్తల్లో ‘కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని వినిపిస్తే, ఎక్కడో దూరంగా ఉన్న అత్తయ్య కంగారుగా ఫోను చేస్తుంది. మేం అప్పటికే ట్యాంకు నింపి, డాబా మీది కుండీలు దింపి ఉంటాం. మేం వచ్చింది హుద్‌హుద్ తుపాను తర్వాత. 2014 అక్టోబరు 12న ఏం జరిగిందో ఇరుగుపొరుగు ఇప్పటికీ కథలుగా చెబుతారు. నాకు పనికొచ్చింది అందులో ఒక్కటి: కరెంటు రోజుల తరబడి రాకపోతే ఫ్రిజ్ కన్నా ముందు నీళ్ల మోటారు గుర్తొస్తుంది. అందుకే చేతిపంపో, బావో ఉన్న ఇల్లే అద్దెకు చూసుకున్నాం.

ఊరి సంగతి చెప్పలేదు. డచ్చివాళ్ల సమాధులు, గంటస్తంభం, దీపస్తంభం, పావురాళ్లకొండ మీద బౌద్ధుల కాలపు రాతి తొట్లు... చుట్టాలు వచ్చినప్పుడు అన్నీ ఒక్క పూటలో చూపించవచ్చు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరని పెద్దలు మాటకు ముందు అంటారు. ఇప్పుడది విశాఖ నగరపాలక సంస్థలో భాగం. కుళాయి రాకపోతే ఎవరికి చెప్పాలన్నది మాత్రం మా వీధిలో ఇంకా చర్చనీయాంశమే.

భోగాపురం విమానాశ్రయం మాట మొదలైనప్పటి నుంచి వారం వారం ఎవరో ఒకరు స్థలం ఉందంటూ ఫోను చేస్తున్నారు. సముద్రం కనిపించే ప్లాటు అంటే ముందు తీరప్రాంత నియంత్రణ పటంలో (తీరం దగ్గర ఎక్కడ కట్టడాలపై ఆంక్షలున్నాయో చూపే పటం) అది ఎక్కడ పడుతుందో అడగండి, సమాధానం కాగితం మీద తీసుకోండి. తర్వాత ఆగస్టులో ఒకసారి వెళ్లి, చుట్టుపక్కల ఇళ్ల గ్రిల్లులు చేత్తో తడిమి చూడండి. బేరం ఆ తర్వాత.