ఇంటి పిండి మర, ఐదేళ్ల వాడకం తరువాత: దాని గుడ్డ తొడుగు గురించి

ఇంట్లో పెట్టుకునే పిండి మర గురించి నన్ను అడిగిన ప్రతివారికీ ఇంతకాలం నేను ఒకే సమాధానం చెబుతూ వచ్చాను: నిస్సందేహంగా కొనండి, పది నిమిషాల్లో శుభ్రమవుతుంది. ఆ సమాధానంలో మొదటి సగాన్ని ఇప్పటికీ వెనక్కి తీసుకోను. రెండో సగం తప్పని నాకు రెండేళ్ల కిందట తెలిసింది. తెలిసిన తరువాత కూడా దాన్ని సరిదిద్ది ఎక్కడా రాయలేదు. ఈ మధ్య నాలాగే అలర్జీలున్న బిడ్డను పెంచుతున్న ఒక తల్లి, నా పాత మాట విని మర కొన్నానని చెప్పడంతో, ఇక ఆలస్యం చేయకూడదనిపించింది.

మా అబ్బాయికి గోధుమ, పాలు, గుడ్డు, పల్లీలు పడవు. వాడికి మూడేళ్లు నిండేనాటికి ఈ నాలుగూ నిర్ధారణ అయ్యాయి. మేము హనుమకొండలో ఉంటాం, కాబట్టి రొట్టె అంటే మా ఇంట్లో మొదటినుంచీ జొన్నరొట్టే. గోధుమ మానడం పెద్ద కష్టం కాదనే అనుకున్నాం. కష్టమంతా పిండి పట్టించే చోట ఎదురైంది. మా వీధి చివరి గిర్నిలో ఒకే తొట్టిలో గోధుమలు, జొన్నలు, శనగపప్పు, బియ్యం ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉంటాయి. గిర్ని నడిపే ఆయన మంచి మనిషి. మా సంగతి తెలిసి, పొద్దున్నే షట్టరు ఎత్తగానే మాకే మొదట పట్టి ఇస్తానన్నాడు. కానీ రాత్రి చివరగా పట్టిన గోధుమల పిండి రాళ్ల మధ్య మిగిలి, పొద్దున మొదట పట్టిన మా జొన్నపిండిలోకే వచ్చేది. ముందుగా కిలో బియ్యం పోసి, ఆ పిండిని వదిలేసి, తరువాత మా జొన్నలు పోయించాం. అయినా వాడికి నెలకు ఒకటి రెండుసార్లు దద్దుర్లు వచ్చేవి.

ప్యాకెట్ పిండి కొనవచ్చు కదా అని చాలామంది అడిగారు. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ, పాలు, గుడ్డు, వేరుశెనగ వంటివి ప్యాకెట్‌లోని పదార్థంలో ఉంటే ఆ సంగతి దానిమీద చెప్పాలి. ఆ మేరకు చదువుకుని కొనే వీలుంది. అయితే నాకు దొరికిన జొన్నపిండి, రాగిపిండి ప్యాకెట్లలో చాలావాటి మీద, ఇదే కేంద్రంలో గోధుమ కూడా పడతామన్న మాట ఉండేది. గ్లూటెన్ (గోధుమ, బార్లీ వంటివాటిలోని జిగురు మాంసకృత్తు) లేదని రాసిన ప్యాకెట్లు, అది పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఎంతో మేలు, కానీ ఆ ముద్ర గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించలేదని మాత్రమే చెబుతుంది. గోధుమ అలర్జీలో శరీరం ఎదురుతిరిగేది గ్లూటెన్ మీద ఒక్కటే కాదు, గోధుమలోని ఇతర మాంసకృత్తుల మీద కూడా కావచ్చు. పైగా నెలకు ఎనిమిది, పది కిలోల పిండిని ఆ ధరకు కొనడం మా వల్ల కాలేదు. అలా మర కొన్నాం. మొదటి రోజే దాని మూతమీద, బియ్యం, జొన్నలు, రాగులు, కొర్రలు తప్ప మరేదీ పోయరాదని రాసి అంటించాను.

దాని మోటారు ఎంత, గంటకు ఎంత పడుతుంది అనేవి అమ్మేవారే చెబుతారు. వారు చెప్పని ఒక ఆనందాన్ని మాత్రం చెబుతాను. బియ్యప్పిండితో కేకు చేస్తే నోటికి ఇసుకలా తగలడం ఈ వంటలో అందరికీ ఎదురయ్యే బాధ. గుడ్డు, మైదా లేని కేకులో ఆ గరుకును దాచేది ఏదీ ఉండదు. కడిగి, నీడన రోజంతా ఆరబెట్టిన బియ్యాన్ని, మరలోపల మార్చి మార్చి అమర్చే జల్లెడల్లో అతి సన్నది వేసి పట్టి, ఆ పిండినే కొంచెం కొంచెంగా రెండోసారి మరలో వేస్తే వచ్చే మెత్తదనం నాకు ఏ ప్యాకెట్‌లోనూ దొరకలేదు. వాడి నాలుగో పుట్టినరోజుకు ఆ బియ్యప్పిండి రెండు వంతులు, రాగిపిండి ఒక వంతు కలిపి, బెల్లం పాకం, కొబ్బరిపాలు, నూనె చేర్చి, గుడ్డుకు బదులుగా ఒక పెద్ద చెంచా అవిసెగింజల పొడిని మూడు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి జిగురొచ్చాక కలిపాను. పిండిని అరగంట నాననిచ్చి, ఆఖరున వంటసోడా, నిమ్మరసం వేసి 180 డిగ్రీల దగ్గర పెట్టాను. అంతకుముందు మూడుసార్లు చేసిన కేకులు మధ్యలో కుంగిపోయాయి. ఇది నిలిచింది. వాడు తన పుట్టినరోజు కేకును తానే కోసి, వచ్చిన పిల్లలకు పంచి, తానూ తిన్నాడు. అంతవరకూ ఏ పుట్టినరోజు పండుగలోనైనా వాడికి నేను ఇంటినుంచి వేరే డబ్బా పట్టుకెళ్లవలసి వచ్చేది. (అవిసెగింజలను మాత్రం మరలో వేయకండి, వాటి నూనెకు జల్లెడ మూసుకుపోతుంది, మిక్సీయే మేలు.) పావుకిలో పిండికి రెండు పెద్ద చెంచాల ఇసబ్గోలు వేసి బ్రెడ్ చేయడం కూడా ఆ ఏడాదే పట్టుబడింది. అందుకే అడిగినవారందరికీ అంత గట్టిగా కొనమని చెప్పాను.

మూడో ఏడు బేరింగు అరిగి, మర పెద్దగా శబ్దం చేయసాగింది. సర్వీసు కేంద్రానికి పంపితే తొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. తెచ్చిన మెకానిక్ దాన్ని బాల్కనీలో పెట్టి, తీగ బిగించి, సంతోషంగా, "పావుకిలో గోధుమలు పోసి చూసినం మేడం, మంచిగ నడుస్తుంది" అన్నాడు. ఆ మాట వినగానే నా కాళ్లలో బలం పోయింది. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే బాగుచేసిన మరను గోధుమలతో పరీక్షించడం ఆ పనిలో మామూలే. మా ఇంటి సంగతిని పంపేటప్పుడు నేను ఫోనులో చెప్పానేగాని, కాగితం మీద రాసి యంత్రానికి అంటించలేదు. మూతమీద నేను అంటించిన చీటీ ఎక్కడో ఊడిపోయింది.

ఆ సాయంత్రం మరను నాకు తెలిసినంత బాగా శుభ్రం చేశాను. మరలో గింజలు నలిగే గదిలోపల బ్రష్షుతో దులిపి, వాక్యూమ్ పెట్టి, తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత సన్న జల్లెడ వేసి రెండు కిలోల బియ్యం పట్టి ఆ పిండిని పారేశాను. మరునాడు పట్టిన బియ్యప్పిండితో అట్లు వేశాను. వాడికేమీ కాలేదు. ఆ మరునాడు కూడా ఏమీ కాలేదు. గండం గడిచిందనుకున్నాను. మూడోరోజు జల్లెడ మార్చి జొన్నలు పట్టాను. రాత్రి రొట్టె తిన్న ఇరవై నిమిషాల్లో వాడి పెదవులు ఉబ్బాయి, మెడమీద దద్దుర్లు లేచాయి, దగ్గు మొదలై ఆగలేదు. ఆసుపత్రిలో తొడలో అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చి, రాత్రంతా కనిపెట్టి ఉన్నారు. తెల్లవారేసరికి వాడు లేచి ఆకలి అన్నాడు. నేను మాత్రం వారంరోజులు వాడి పళ్లెంలో ఏది పెట్టాలన్నా భయపడ్డాను.

ఏది కారణమో మొదట తెలియలేదు. కూర చూశాను, నూనె చూశాను, పెనం చూశాను. ఇంగువ సంగతి మాకు ముందే తెలుసు: పొడి ఇంగువలో గోధుమపిండి కలపడం మామూలు కాబట్టి, లేబుల్ చూడకుండా ఇంట్లోకి రానివ్వం. రెండురోజులు అదే మరలో పట్టిన పిండి తిని బాగానే ఉన్న బిడ్డకు మూడోరోజు ఇలా ఎందుకైందన్న ప్రశ్న నన్ను వదలలేదు. చివరకు మరను మళ్లీ విప్పి, ఒక్కొక్క భాగాన్నీ తెల్లకాగితం మీద దులిపాను. జొన్నలకు వాడే జల్లెడ చట్రం మడతలో, మధ్య గీతతో సహా సగం గోధుమ గింజ ఒకటి ఇరుక్కుని కనిపించింది. మెకానిక్ పరీక్షకు వాడింది ఆ జల్లెడనే. నేను బియ్యం పట్టి కడిగానని అనుకున్నది వేరే జల్లెడతో. దీన్ని బ్రష్షుతో దులిపి పక్కన పెట్టానంతే.

కానీ ఆ గింజకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది గుడ్డ తొడుగు. పిండి పడే డబ్బాకూ పైగదికీ మధ్య గాలి బయటికి పోవడానికి ఒక గుడ్డ తొడుగు ఉంటుంది. దాన్ని ఎప్పుడూ నేను విదిలించి, నెలకోసారి ఉతికేదాన్ని. తిరగవేసి కుట్టు దగ్గర గోరుతో గీస్తే చెంచాడు పిండి రాలింది. అందులో ఎర్రటి గోధుమ తవుడు పొరలు కళ్లకు కనిపించాయి. గుడ్డ నేతలో, రెండు వరుసల కుట్టుమధ్య, దాన్ని బిగించే సాగే పట్టీ లోపల పిండి గూడు కట్టుకుని ఉంది. మర ఊగినప్పుడల్లా అది కొంచెం కొంచెంగా డబ్బాలోకి రాలుతుంది. గోధుమ తినేవారి ఇంట్లో దీనివల్ల వచ్చే నష్టం పురుగు పట్టడం మాత్రమే. మాలాంటి ఇంట్లో ఇదే ప్రాణాపాయం. విప్పి ఉడకబెట్టదగిన, కుట్టులేని తొడుగును తయారు చేయడం అంత అసాధ్యమైన పని కాదని నేను నమ్ముతున్నాను. రెండేళ్లుగా ఆ మాట తయారీదారులకు రాస్తూనే ఉన్నాను, జవాబు రాలేదు.

ఆ తొడుగును, ఆ జల్లెడను పారేశాం. కొత్తవి కొని, ఉన్న జల్లెడలన్నిటితోనూ విడివిడిగా కిలో చొప్పున బియ్యం పట్టి పారేశాను. ఇప్పుడు మా టైలరు దగ్గర లోపలికి మడతలేని తొడుగులు మూడు కుట్టించుకుని, బియ్యానికొకటి, జొన్నకొకటి, చిరుధాన్యాలకొకటి వాడుతున్నాను. మర ఇల్లు దాటి వెళ్లదు. రిపేరుకు మెకానిక్‌నే ఇంటికి పిలుస్తాం.

ఇది తెలిసిన తరువాత పాత పొగడ్తలను కూడా నేను మళ్లీ చూసుకున్నాను. ఇతరుల పిండి కలవదు అనేవరకే ఈ యంత్రం చేయగలిగింది. కొన్న ధాన్యంలోనే వేరే గింజ కలిసి ఉండదని అది చెప్పలేదు. కిరాణాకొట్టులో కొన్న కొర్రల్లో రెండుసార్లు గోధుమ గింజలు ఏరాను. ఇప్పుడు జహీరాబాద్ వైపు తెలిసిన రైతుల దగ్గర జొన్నలు, కొర్రలు తెప్పించుకుంటున్నాం. అయినా నూర్చే యంత్రం నాలుగు పంటలకు ఒకటే కాబట్టి, చాటలో పోసి పిడికెడు పిడికెడుగా ఏరడం తప్పదు. ఐదు కిలోలకు గంటన్నర పడుతుంది. మర కొంటే సమయం మిగులుతుందని గతంలో చెప్పిన మాట, ఏరడాన్ని లెక్కలోకి తీసుకోకుండా చెప్పింది.

తడిపిండి దీనివల్ల కాదు. సంక్రాంతికి సకినాలకు నానబెట్టి వడకట్టిన బియ్యం కావాలి. ఆ తడి బియ్యాన్ని ఇందులో వేస్తే జల్లెడ నిమిషంలో పూడుకుపోతుంది. మొదటి ఏడాది తెలియక వేసి, గదిని ఒక పూటంతా గీకవలసి వచ్చింది. ఇప్పుడు మిక్సీలో కొంచెం కొంచెంగా పట్టి జల్లిస్తాను. నువ్వులు, వాము వేసి చుట్టిన సకినాలను వాడు ఏ బెంగా లేకుండా తింటాడు. అరిసెలు చేసుకునేవారికీ ఇదే ఇబ్బంది వస్తుంది.

కొనాలా వద్దా అంటే, మా ఇంటి పరిస్థితిలో నేను మళ్లీ కొంటాను. ఇంట్లో అందరం గోధుమ మానేశాం, బాల్కనీలో చోటుంది, పగలు మర వేసినా పక్కింటివారు ఓర్చుకుంటారు, ఏరడానికి మా అత్తయ్య తోడుంటారు. ఇవి లేని ఇంటికి ఇదే మాట చెప్పలేను. ముఖ్యంగా, మిగతావారికి గోధుమలు, పిల్లవాడికి జొన్నలు ఒకే మరలో పట్టి, మధ్యలో శుభ్రం చేసుకుందామనుకునేవారు దయచేసి కొనకండి. ఎంత శ్రద్ధగా చేసినా ఆ తొడుగు కుట్టులో ఏముందో పైకి కనిపించదు. వాడినది, ప్రదర్శనకు ఉంచినది తక్కువ ధరకు వస్తోందని తీసుకోవడం కూడా అంతే ప్రమాదం. అలర్జీ తీవ్రత ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ డాక్టరుగారి మాట తరువాతే నా మాట.

గత వారంనుంచి బేరింగు మళ్లీ శబ్దం చేస్తోంది. శనివారం మెకానిక్ ఇంటికి వస్తానన్నాడు. పరీక్షకు పోయడానికి కిలో బియ్యం విడిగా డబ్బాలో పోసి మర పక్కనే పెట్టాను. మోటారు కూడా మార్చాలంటే ఏం చేయాలో ఇంకా నిర్ణయించుకోలేదు.