అమెరికా టికెట్ కొనేముందు పీఎన్ఆర్ ఒకటా, రెండా చూసుకోండి: మాకు జరిగింది మీకు జరగకూడదు

అమ్మానాన్నలకు అమెరికా టికెట్లు తీయబోతున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. చవగ్గా వస్తున్నాయని ఒక ఆన్‌లైన్ ఏజెంట్ సైట్‌లో అమ్మకీ నాకూ టికెట్లు కొన్నాను. శంషాబాద్ నుంచి డల్లాస్‌కు 25 గంటల్లో చేరాల్సినవాళ్లం 73 గంటలకు చేరాం. ఇద్దరికీ కలిపి 41 వేలు మిగిలాయని సంతోషపడ్డాను. చివరికి అదనంగా అయిన ఖర్చు రెండున్నర లక్షలు దాటింది. డబ్బు సంగతి అలా ఉంచండి, అరవై ఎనిమిదేళ్ల మనిషిని రెండు రోజులు పరాయి దేశంలో అలా తిప్పినందుకు నాకు ఇప్పటికీ మనసు కుదుటపడలేదు.

ఎయిర్‌లైన్స్ పేర్లు, సైట్ పేరు రాయడం లేదు. ఇలాంటి టికెట్లు ఒక్కళ్లే అమ్మడం లేదు, చాలా సైట్లలో ఉన్నాయి. పేరు చూసి తప్పించుకోవడం కుదరదు, టికెట్ చూసి తప్పించుకోవాలి.

జరిగింది ఇది. సైట్‌లో హైదరాబాద్ నుంచి డల్లాస్, ఒక స్టాప్, గల్ఫ్‌లో ఐదు గంటల గ్యాప్ అని చూపించింది. ఒకే ధర, ఒకే పేమెంట్, ఒకే మెయిల్. అందుకే ఒకే టికెట్ అనుకున్నాను. ఆ మెయిల్ మూడో పేజీలో, సన్నటి బూడిద రంగు అక్షరాల్లో ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ అని ఉంది. దాని కింద రెండు పీఎన్ఆర్‌లు, అంటే రెండు వేర్వేరు బుకింగ్ నంబర్లు. శంషాబాద్ నుంచి గల్ఫ్ దాకా ఒక చవక ఎయిర్‌లైన్, అక్కడి నుంచి డల్లాస్‌కు వేరే ఎయిర్‌లైన్. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి ఏ ఒప్పందమూ లేదు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మన బాధ్యతే. సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అన్న రెండు మాటలకు అర్థం ఇదే. నాకు అది కొన్న రోజు తెలియదు.

తెలియాల్సిన మొదటి సూచన శంషాబాద్ కౌంటర్ దగ్గరే వచ్చింది. అమెరికా విమానాల్లో మామూలుగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు కదా, అలాగే నాలుగు పెట్టెలు సర్దుకుని వచ్చాం. ఈ మొదటి ఎయిర్‌లైన్‌లో మనిషికి 30 కిలోలే. అంటే ఇద్దరికీ 32 కిలోలు ఎక్కువ. అర్ధరాత్రి దాటాక, లైన్‌లో జనం చూస్తుండగా, నేల మీద పెట్టెలు తెరిచి అమ్మ ఒక్కొక్కటే తీసి తమ్ముడి చేతికిచ్చింది. సున్నుండల డబ్బా, కారప్పొడులు, మనవడికి కుట్టించిన పంచె. ఆవకాయ జాడీ మాత్రం ఇవ్వలేదు, ఒడిలో పట్టుకుని కూర్చుంది. మిగిలిన అదనపు బరువుకు డబ్బు కట్టాను.

కౌంటర్‌లో అమ్మాయి పెట్టెలకు ట్యాగులు వేసింది. వాటి మీద గల్ఫ్ ఊరి మూడక్షరాల కోడ్ మాత్రమే ఉంది, డల్లాస్ కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ లేదు. అడిగితే, “మేడమ్, మీ బుకింగ్ మా దగ్గర అక్కడిదాకే ఉంది. అక్కడ బెల్ట్ మీద తీసుకుని మళ్లీ చెకిన్ చేసుకోవాలి” అంది. గుండె ఝల్లుమంది. కానీ ఐదు గంటలు ఉంది కదా, ఎలాగోలా చేసుకోవచ్చు అనుకున్నాను.

విమానం తెల్లవారుజామున 4:10కి. మూడున్నరకల్లా ఎక్కించి తలుపులు వేశారు. తర్వాత కదల్లేదు. ఏదో చిన్న టెక్నికల్ సమస్య, ఇరవై నిమిషాలు అన్నారు. ఆ మాట రెండు గంటల్లో నాలుగుసార్లు చెప్పారు. ఏసీ సరిగా రావడం లేదు. వెనక సీట్లో చంటిబిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయింది. నీళ్లు అడిగితే చిన్న కప్పుతో ఒకసారి ఇచ్చారు. అమ్మ నరసరావుపేటలో మధ్యాహ్నం బయల్దేరింది, కారులోనే ఐదారు గంటలు కూర్చుంది. ఆరింటికి అందర్నీ దింపేసేసరికి ఆవిడ పాదాలు ఉబ్బి చెప్పు పట్టీ పెట్టుకోవడానికి రాలేదు. చెప్పులు నా చేతిలో పెట్టి, సాక్సులతోనే మెట్లు దిగింది. చివరికి విమానం బయల్దేరింది ఉదయం 10:50కి.

మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం ఇంత దూరం ప్రయాణాల్లో ఆలస్యం మూడు గంటలు దాటుతుంటే తిండి, నీళ్లు ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ కూడా ఇవ్వాలి. మాది 4:10 కాబట్టి హోటల్ లేదన్నారు. తిండి కూడా అడిగితేనే ఇచ్చారు, ఒక సాండ్‌విచ్, ఒక జ్యూస్ పాకెట్. అడగని వాళ్లకు అదీ దక్కలేదు. కాబట్టి మొహమాటపడకుండా కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగండి.

గల్ఫ్‌లో దిగేసరికి అక్కడి టైమ్ మధ్యాహ్నం 1:35. డల్లాస్ విమానం 11:50కే వెళ్లిపోయింది.

మొదటి ఎయిర్‌లైన్ వాళ్లు, “మిమ్మల్ని ఇక్కడికి చేర్చాం, మా పని అయిపోయింది” అన్నారు. రెండో ఎయిర్‌లైన్ కౌంటర్‌లో మర్యాదగానే మాట్లాడారు, కానీ వాళ్ల లెక్కలో మేం నో షో. అంటే టికెట్ ఉండి కూడా రానివాళ్లం. మొదటి విమానం ఎందుకు ఆలస్యమైందన్నది వాళ్లకు సంబంధం లేని విషయం. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. అమ్మ రిటర్న్ టికెట్ కూడా అదే పీఎన్ఆర్‌లో ఉంది. వెళ్లేటప్పుడు ఎక్కకపోతే ఆ పీఎన్ఆర్‌లో మిగిలిన ప్రయాణం కూడా సాధారణంగా రద్దవుతుంది. అలా అక్టోబర్ నాటి తిరుగు టికెట్ కూడా పోయింది. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు. దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఏజెంట్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, “సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ షరతులకు మీరు టిక్ పెట్టారు” అన్నారు. టిక్ పెట్టింది నేనే. కాదనను. కానీ ఆ షరతును ధర పక్కన, ధర ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో అంత పెద్ద అక్షరాల్లో ఎందుకు వేయలేదు?

మర్నాటి విమానంలో సీట్లు లేవు. ఆపై రోజుకు రెండు వన్‌వే టికెట్లు ఫోన్‌లోనే కొన్నాను, 2 లక్షల 20 వేలు. అది కొనేటప్పుడు పడ్డ టెన్షన్ వేరు. అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉంది. మన ఊళ్లలో చాలామంది పెద్దవాళ్ల పాస్‌పోర్టులు ఇలాగే ఉంటాయి. అమెరికా వీసా మీద మాత్రం ఆ పేరు సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వస్తుంది. సైట్ ఏమో సర్‌నేమ్ లేకుండా ముందుకు పోనివ్వదు. తప్పు రాస్తే గేట్ దగ్గర ఆపేస్తారేమోనని చేతులు వణికాయి. మళ్లీ ఆ కౌంటర్‌కు పరిగెత్తి, అక్కడి ఉద్యోగిని అడిగి, ఆయన చెప్పినట్టు రాశాను. అమ్మానాన్నల టికెట్ మీద పేరు ఎలా ఉండాలో ఎయిర్‌లైన్‌ను ముందే అడిగి ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

పెట్టెలు తెచ్చుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. అమ్మకు అమెరికా వీసా ఉంది కాబట్టి అక్కడ ఫీజు కడితే వీసా ఇచ్చారు. ఇదే యూరప్‌లో ఉమ్మడి వీసా నడిచే షెంగెన్ దేశాల్లో అయితే మన పాస్‌పోర్టుతో ఆ వీసా లేకుండా బయటికి వచ్చే వీల్లేదు. అమెరికా వీసా ఉన్నవాళ్లకు ఎయిర్‌పోర్టు లోపలే విమానం మారడానికి ఉండే మినహాయింపు, బయటికొచ్చి పెట్టెలు తీసుకోవడానికి పనికిరాదు. అలాంటి టికెట్‌తో వెళ్తే అసలు శంషాబాద్‌లోనే ఎక్కనివ్వకుండా ఆపేస్తారు, టికెట్ డబ్బులు చాలావరకు పోతాయి.

నేను చేసిన ఇంకో పొరపాటు మందులది. అమ్మకు బీపీ, షుగర్. హ్యాండ్‌బ్యాగ్‌లో రెండు పూటలకు సరిపడా మాత్రలే పెట్టాను, మిగతావి పెద్ద పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె బెల్ట్ మీదికి రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నేను అమ్మ మొహం వంకే చూస్తూ నిలబడ్డాను. కనీసం నాలుగు రోజుల మందులు, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో ఉంచండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు దాన్ని అసలు చెకిన్ పెట్టెలో వేయకూడదు, కింద సామాన్ల గదిలో చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది.

రెండు రాత్రులు ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో ఉన్నాం. అమ్మ కట్టుకొచ్చిన పులిహోర మొదటి రోజుకు సరిపోయింది. ఒక్కమాట కూడా నన్ను అనలేదు. “నువ్వేం చేస్తావే, నీకు మాత్రం తెలుసా” అంది. తిట్టినా బాగుండేది.

డల్లాస్ విమానం పదహారు గంటలు. పాత టికెట్‌లో వీల్‌చెయిర్, శాకాహార భోజనం పెట్టించాను. కొత్త టికెట్‌కు అవి రావు, మళ్లీ మనమే అడగాలి. ఆ గాభరాలో నాకు తట్టలేదు. కౌంటర్‌లో బతిమాలితే వీల్‌చెయిర్ దొరికింది. భోజనం దొరకలేదు. అమ్మ బ్రెడ్డు, పెరుగు, పండ్ల ముక్కలు తిని ఊరుకుంది. మా సీట్లు చివరి వరుస, టాయిలెట్ పక్కన, వెనక్కి వాలవు. తలుపు తెరిచినప్పుడల్లా లైటు మొహం మీద పడేది. గంటన్నరకోసారి అమ్మను లేపి నడిపించాను. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, పెద్దవాళ్లకు మరీను. కాళ్లవాపు ఉన్నవాళ్లు బిగుతు సాక్సుల గురించి బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగితే మంచిది.

ఇక టికెట్ కొనేటప్పుడు చూడాల్సింది చెబుతాను. పేమెంట్ చేసే ముందు ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’, ‘సెపరేట్ టికెట్స్’ లాంటి మాటలు ఎక్కడైనా ఉన్నాయా అని వెతకండి. పెట్టెలు చివరి ఊరిదాకా నేరుగా వెళ్తాయా అని ఏజెంట్‌ను చాట్‌లో అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసుకోండి. రెండు విమానాల బ్యాగేజీ కిలోలు వేర్వేరుగా కనిపిస్తే అనుమానించండి. కొన్న వెంటనే ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి చూడండి, శంషాబాద్ నుంచి చివరి ఊరిదాకా అన్ని విమానాలూ ఒకేచోట కనిపించాలి. ఎయిర్‌లైన్స్ రెండైనా ఫర్వాలేదు, టికెట్ ఒకటే అయితే మొదటిది ఆలస్యమైనప్పుడు తర్వాతి విమానంలో సీటు ఇచ్చి పంపే బాధ్యత వాళ్లది. పది, ఇరవై వేలు ఎక్కువైనా సరే, పెద్దవాళ్లకు అదే కొనండి.

ఇంకొకటి. యూరప్ ఎయిర్‌లైన్‌లో ఒకే బుకింగ్ మీద అమెరికాకు యూరప్ మీదుగా వెళ్తూ, వాళ్ల తప్పు వల్ల గమ్యానికి నాలుగు గంటలు దాటి ఆలస్యంగా చేరితే అక్కడి చట్టం ప్రకారం మనిషికి 600 యూరోల పరిహారం అడగవచ్చు. మన వాళ్లు చాలామంది ఇది తెలియక వదిలేస్తున్నారు. వాతావరణం లాంటి కారణాలకు ఇది రాదు, మామూలు టెక్నికల్ లోపం చెప్పి తప్పించుకోవడం మాత్రం అంత సులువు కాదు.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్లు ఎయిర్‌పోర్టు వదిలేముందే మొదటి ఎయిర్‌లైన్ నుంచి ఆలస్యం ఎంత, కారణం ఏమిటి అని రాతపూర్వకంగా తీసుకోండి. డిలే సర్టిఫికెట్ అంటే ఇస్తారు. బోర్డింగ్ పాసులు, బ్యాగు ట్యాగులు, హోటల్ బిల్లు, మందుల బిల్లు ఏదీ పారేయకండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం అడగడానికి మాంట్రియల్ ఒప్పందం ఉంది, మన దేశం 2009 నుంచి అందులో ఉంది. కేసు వేయడానికి రెండేళ్ల గడువు. పెట్టెలు ఆలస్యంగా అందితే మాత్రం అందిన రోజు నుంచి 21 రోజుల్లోపు, పాడైతే ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్లో, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరు వెళ్లనక్కర్లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే, విడి టికెట్ల మీద తప్పిపోయిన విమానానికి అది వర్తిస్తుందా లేదా అన్నది కొనేముందే అడగండి. మాది వర్తించదన్నారు.

నేను ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టాను. మొదటి ఎయిర్‌లైన్ పెట్టెల అదనపు చార్జీలో కొంత వాపసు ఇస్తామని మెయిల్ పంపింది, నేను ఒప్పుకోలేదు. ఏజెంట్ మీద అమ్మ పేరుతో పల్నాడు జిల్లాలో ఫిర్యాదు వేయడానికి తమ్ముడు కాగితాలు సిద్ధం చేస్తున్నాడు. అమ్మకు అక్టోబర్ తిరుగు టికెట్ మళ్లీ తీశాను, ఈసారి ఎయిర్‌లైన్ సైట్‌లోనే, ఒకే పీఎన్ఆర్, వీల్‌చెయిర్, శాకాహార భోజనంతో. ప్రింట్ తీసి ఇస్తే అమ్మ కళ్లజోడు పెట్టుకుని, డల్లాస్ నుంచి హైదరాబాద్ దాకా ఒకే నంబర్ ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంది.