పొందూరు సన్న ఖాదీ: గుడ్డ బాగుంది, గోడ మీది బోర్డు మార్చాలి

శ్రీకాకుళం జిల్లా పొందూరులోని ఒక ఖాదీ దుకాణంలో మా నాన్నగారికి పంచె, నాకు చొక్కా గుడ్డ తీసుకున్నాను. గుడ్డకు వంక పెట్టడానికి లేదు. 100 కౌంటు నూలుతో నేసిన పంచె చేతిలో బరువు తెలియనంత పలుచగా ఉంది. ఉతికిన కొద్దీ మెత్తబడుతోంది, పలుచని గంజి పెడితే మడత చక్కగా నిలుస్తోంది. దుకాణంలోని పెద్దాయన విసుక్కోకుండా తానులు విప్పి చూపించారు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అన్ని కౌంట్లని లెక్క; కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. కాబట్టి తాను చీటీ మీది కౌంటు అంకె గుడ్డ గురించి కొలిచిన మాటే చెబుతుంది.

నా అభ్యంతరమంతా గోడ మీది బోర్డుతోనే. రాట్నం ముందు కూర్చున్న ఒక వృద్ధురాలి ఫొటో కింద "నిరుపేద మహిళలు వడికిన ఖాదీ, ఆదరించండి" అని రాయించారు. రాబడి తక్కువన్నది నిజమే కావచ్చు గానీ, ఆ ఒక్క మాట ముందు నిలబడేసరికి ఆమె చేతిలోని విద్య వెనక్కిపోతుంది. నేనున్నంతసేపట్లో ఆ ఫొటో చూసి "పాపం" అన్నవారున్నారు గాని, ఆ నూలు ఎలా వస్తుందని అడిగినవారు లేరు.

అదే వీధిలో ఒక పెద్దమ్మ పని చేస్తుంటే అనుమతి అడిగి కాసేపు చూశాను. వాలుగ చేప దవడ ఎముకను, దాని సన్నని పళ్లను దువ్వెనగా చేసుకుని, ఆమె పత్తిని గింజ మీదనే దువ్వి నలుసులు తీస్తున్నారు. పక్కన ఆరిన అరటి దొప్పలో ఏకులు, అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్టలు, పొందికగా పెట్టి ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది వద్దు బాబూ, తెగిపోతాది" అంటూ పక్కన పడేశారు. నా కంటికి ఆ ఏకుకూ మిగతావాటికీ ఏ తేడా కనిపించలేదు. ఇంతటి నేర్పుకు ఏళ్ల తరబడి సాధన కావాలి. అటువంటి మనిషిని "నిరుపేద మహిళ" అనే గంపలో వేసేస్తే, ఆమెకిచ్చే డబ్బు పనికి తగిన ప్రతిఫలంగా కాక జాలితో ఇచ్చినదిగా కనిపిస్తుంది, కూలి పెంచమని అడిగే హక్కు కూడా దానితోనే పలచబడుతుంది. ఈ గుడ్డ నాయకులకే అన్న ముద్ర కూడా ఇలాంటిదే. దానివల్ల కుర్రకారు దుకాణం గడప తొక్కడం లేదు.

ఈ మాటే దుకాణంవారికి చెప్పాను, వారు శ్రద్ధగా విన్నారు. వడికినవారు, నేసినవారు ఒప్పుకుంటే వారి పేర్లు, ఏ పనిలో ఆరితేరారో ఆ వివరం ప్రతి తాను చీటీ మీదా వేయమని నా విన్నపం.

కొనదలచినవారికి ఒక సూచన: కొత్త ఖాదీ మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోతుంది కనుక చొక్కా గుడ్డ కొంచెం ఎక్కువే తీసుకుని, ముందు చన్నీళ్లలో నానబెట్టి ఆరవేశాకే దర్జీకి ఇవ్వండి.